ముందెటో వెనకెటో

కణాలు ఎలా పాకుతాయన్న విషయం మీద పరిశోధన చేసి, దాని మీదే డాక్టరేట్ పుచ్చుకుని, ఆ తర్వాత అదే పాఠం చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అలాంటి నాకు పాకే కణానికి ముందేదో వెనకేదో చాలాకాలం తెలియదు. తెలియకపోతే అడిగి తెలుసుకోవచ్చు. నేను తెలుసనే అనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా నలుగురి ముందు కర్ర పెట్టి చూపించాను. చూపించినదానికి సాక్ష్యాలు కూడా పోగేశాను. చదువుకున్నవాడి తెలివితక్కువతనానికి ఈ సదుపాయం ఒకటుంది, సాక్ష్యాలకు ఎప్పుడూ కొదవ ఉండదు.

నా ఘనకార్యం అర్థం కావాలంటే యాక్టిన్ సంగతి కొంత చెప్పాలి.

యాక్టిన్ ఒక ప్రోటీన్. మొదట కండరంలో దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హంగేరీలోని సెగెడ్ నగరంలో, అప్పటికే నోబెల్ అందుకున్న ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ ల్యాబ్‌లో కండరాన్ని ఉప్పు ద్రావణంలో నానబెట్టి చూస్తుండేవారు. 20 నిమిషాలకు తీసిన ద్రవం పల్చగా ఉండేది. రాత్రంతా వదిలేస్తే చిక్కబడేది. ఆ చిక్కదనానికి కారణమైన పదార్థాన్ని బ్రూనో స్ట్రౌబ్ 1942లో విడదీసి చూపించాడు. అదే యాక్టిన్. (నేనూ ఒకసారి కల్చర్ డిష్‌ని మరిచిపోయి రాత్రంతా బల్ల మీద వదిలేశాను. నాకు బూజు దొరికింది.) కండరమన్నదే లేని స్లైమ్ మోల్డ్ అనే జీవిలోనూ ఇదే ప్రోటీన్ ఉందని 1966లో జపాన్‌కు చెందిన హతానో, ఓసావా చూపించారు. కండరాలకే పరిమితమైన వ్యవహారం కాదని అప్పుడు తెలిసొచ్చింది.

విడిగా ఉన్నప్పుడు యాక్టిన్ చిన్న ఉండ. బరువు సుమారు 42 వేల డాల్టన్లు. ఉండలు వరసగా అతుక్కుంటే దాదాపు 7 నానోమీటర్ల మందాన దారమవుతుంది. ఆ దారం రెండు చివరలూ ఒకేలా ఉండవు. ఒక చివర ఉండలు చకచకా చేరుతుంటాయి, రెండో చివర ఊడిపోతుంటాయి. పాకే కణం ముందు అంచులో, వేగంగా పెరిగే చివరలు పొర వైపుకే తిరిగి ఉంటాయి. అక్కడ ఆర్ప్2/3 అనే ప్రోటీన్ల జట్టు పాత దారం పక్క నుంచి సుమారు 70 డిగ్రీల కోణంలో కొత్త కొమ్మ వేయిస్తుంది. కొమ్మ మీద కొమ్మ పెరిగి పొరను తోస్తాయి. అలా తోసుకొచ్చిన రేకునే లామెల్లిపోడియం అంటారు. దాని మందం మైక్రాన్‌లో పదో వంతో ఐదో వంతో ఉంటుంది, వెడల్పు మాత్రం కణం ముందు భాగమంతా. మైకేల్ అబర్‌క్రాంబీ, ఆయన సహచరులు కోడి పిండం గుండె నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టులనే కణాల నడకను గమనించి 1970లో ఆ పేరు పెట్టారు.

అంటే వెడల్పాటి పల్చటి రేకు ఉన్న వైపు ముందు. సన్నగా సాగి ఉన్న వైపు వెనక. చదువుకుని ఉంటే రెండు వాక్యాలు.

నేను చదవకముందే చూశాను. చూసినవి కూడా బతికున్న కణాలు కావు. ఫార్మాల్డిహైడ్‌తో చంపి, ఫాలాయిడిన్‌తో రంగు వేసినవి. ఫాలాయిడిన్ అనేది డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగులో ఉండే పదార్థం. యాక్టిన్ దారాల్ని పట్టుకుందంటే ఇక విడిపోనివ్వదు. దానికి ఫ్లోరెసెంట్ రంగు తగిలించి కణాల మీద పోస్తే, చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద దారాలన్నీ వెలుగుతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆ మాట రాకపోవడం ఇంకొంతకాలం కొనసాగి ఉంటే బాగుండేది.

అందులోంచి ఒక బొమ్మ ఎంచుకున్నాను. కణం ఒక వైపు వెడల్పుగా పరుచుకుని ఉంది, ఇంకో వైపు కోసుగా మొనదేలి ఉంది. మొన ఉన్నదెందుకు, దూసుకుపోవడానికే కదా అనుకున్నాను. ఎవరినీ అడగాలని కూడా అనిపించలేదు. పెద్దదిగా ప్రింట్ తీయించి పోస్టర్ నడిమధ్యలో అతికించి, మొన వైపుకు ఎర్రటి బాణం గుర్తు వేశాను. దాన్ని పట్టుకుని ఒక సదస్సుకు కూడా వెళ్ళాను.

పోస్టర్ల వరసలో ఒక పెద్దాయన, రిటైరైన ప్రొఫెసర్, చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా వస్తూ నా దగ్గర ఆగారు. బొమ్మ కేసి చూశారు, బాణం కేసి చూశారు.

"ఏమయ్యా, ఎటు పోతోంది ఇది?"

"ఇటు సార్," అని కర్ర పెట్టి చూపించాను.

"ఎట్లా తెలిసింది?"

"మొన ఇటుంది కద్సార్. బతికున్న కణం వీడియో కూడా తీశాను. కణం మీద పడ్డ చెత్త రేణువులన్నీ ఇటువైపే కొట్టుకుపోతున్నాయి సార్."

"రేణువులు పోతున్నాయి సరే. కణం పోయిందా?"

"ఇంకా లేద్సార్. పోతుంది."

ఆయన నవ్వలేదు. "పోయాక నాకొక కార్డు ముక్క రాయి," అని చెప్పి పక్క పోస్టర్ దగ్గరికి వెళ్ళిపోయారు. చంపి రంగేసిన కణం ఎటు పోతుందయ్యా అని అడగలేదు. మర్యాదస్థుడు. నేనేమో ఆయనకు ఈ కొత్త విషయాలు అందడం లేదని జాలిపడ్డాను. ఆ జాలి తలుచుకుంటేనే ఇవాళ్టికీ చెవులు వేడెక్కుతాయి.

రేణువులు పోవడం మాత్రం నిజమే. అబర్‌క్రాంబీ బృందం 1970లోనే అది రాసిపెట్టింది. కణం వీపున అంటుకున్న రేణువు ముందు అంచు నుంచి వెనక్కి వస్తుంది, కణం మాత్రం ముందుకే పోతుంది. ముందు అంచులో యాక్టిన్ ఉండలు చేరుతూ పొరను తోస్తుంటే పొర ఊరికే తోయించుకోదు, ఎదురు తోస్తుంది. పైగా మయోసిన్ అనే మోటార్ ప్రోటీన్లు ఆ దారాల్ని కణం నడుమ వైపు లాగుతుంటాయి. దాంతో యాక్టిన్ అల్లిక మొత్తం వెనక్కి జారుతుంటుంది, దాన్ని పట్టుకున్న రేణువులూ వెనక్కే వస్తాయి. ముందు ఎంత చేరిందో వెనక్కి అంతే జారితే కణం ఉన్నచోటే ఉంటుంది. కణానికి ఇంధనమైన ఏటీపీ మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది.

ఆ జారుడును ఆపాలంటే నేల పట్టు దొరకాలి. పట్టు ఇచ్చేవి ఇంటెగ్రిన్లు. ఇవి కణం పొరలో గుచ్చుకుని ఉంటాయి. బయట ఉన్న భాగం ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. లోపలికి వచ్చిన కొసను టాలిన్ అనే పొడవాటి ప్రోటీన్ అందుకుని యాక్టిన్‌కు తగిలిస్తుంది. తగిలితే జారుడు నెమ్మదిస్తుంది, పెరుగుతున్న యాక్టిన్ తోపు అంచును ముందుకు నెట్టడానికి పనికొస్తుంది. తగలకపోతే ఊరికే జారుతుంది. టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ 1988లో ఈ ఏర్పాటును క్లచ్ అన్నారు. నా వీడియోలో రేణువులు అబద్ధం చెప్పలేదన్నమాట. యాక్టిన్ అటు జారుతోందని చెప్పాయి. కణం కూడా అటే పోతోందని రాసుకున్నది నేను.

మరి నా కణం ఎటూ ఎందుకు పోలేదు? ఒక కారణం తొందర. ఫైబ్రోబ్లాస్ట్ సాధారణంగా నిమిషానికి ఒక మైక్రాన్ కూడా నడవదు, గంటల తరబడి వీడియో తీస్తేగాని దాని దారి తెలియదు. నేను కాసేపు తీసి, టీకి లేచాను. వేగం చూడాలంటే చేప చర్మం మీది కెరటోసైట్లను చూడాలి, నిమిషానికి పది మైక్రాన్లకు పైగా లాగిస్తాయి. యూటెన్యూయర్, ష్లివా 1984లో ఆ కణాల నుంచి తెగిపడ్డ చిన్న ముక్కల్ని గమనించారు. కేంద్రకం లేదు, మైక్రోట్యూబుల్స్ లేవు, అయినా ఆ ముక్క తన ముందువైపు ఏదో తెలిసినట్టు నడిచింది. నాకు అన్నీ ఉన్నాయి.

రెండో కారణం కూడా నేనే. పట్టు ఎంత గట్టిగా ఉంటే పరుగు అంత బాగుంటుందని నా లెక్క. కణాలు వేసే ముందు గాజు పలకకు ఫైబ్రోనెక్టిన్ కోటింగ్ వేస్తాం. మొదట వేసిన డోసుకు కణాలు సరిగ్గా కదల్లేదనిపించి కొంచెం పెంచాను. ఇంకా తగ్గాయి. పట్టు చాల్లేదు కాబోలు అనుకుని ఇంకా పెంచాను. అవి వెడల్పుగా పరుచుకుని, చుట్టూ పట్టు బిగించుకుని, కూర్చున్నచోటే కూర్చున్నాయి. నేను ఇంక్యుబేటర్‌ని అనుమానించాను. సీరమ్ బాటిల్‌ని అనుమానించాను. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మార్పించాను. నా కల్చర్‌ని ఎవరో తారుమారు చేస్తున్నారేమోనని పక్క బెంచీ సీనియర్‌ని కూడా కొంతకాలం అనుమానించాను. డోసుని మాత్రం అనుమానించలేదు.

ఫైబ్రోనెక్టిన్ చవక సరుకు కాదు. ఒకరోజు మా గైడ్ మేడమ్ బిల్లు చేత్తో పట్టుకుని నా బెంచీ దగ్గరికి వచ్చారు. "ఏం బాబూ, తాగుతున్నావా దీన్ని?" అన్నారు. సెల్స్‌కి పట్టు దొరకడం లేదు మేడమ్ అన్నాను. ఆవిడ మైక్రోస్కోప్‌లోకి ఓసారి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. నేను అనుమానించిన ఆ సీనియరే సాయంత్రం పిలిచి, "తగ్గించి చూశావా?" అంది.

"తగ్గిస్తే జారిపోతాయి కదక్కా."

"చదివావా, ఊహించావా?" అని ఒక జిరాక్స్ కట్ట చేతిలో పెట్టింది. పేలెసెక్, లాఫెన్‌బర్గర్, హార్విట్జ్ తదితరులు 1997లో నేచర్ పత్రికలో వేసిన వ్యాసం. నేలమీద అంటుకునే ప్రోటీన్ మరీ తక్కువైతే కణం నడవలేదు, మరీ ఎక్కువైనా నడవలేదు, మధ్యలో ఒకచోట వేగం శిఖరానికి చేరింది. కణం మీద ఇంటెగ్రిన్లు ఎక్కువుంటే నేలమీద ప్రోటీన్ తక్కువ ఉన్నా ఆ శిఖరం వచ్చేస్తుంది, శిఖరం ఎత్తు మాత్రం పెద్దగా మారదు. ఇలా ఉంటుందని 1991లోనే డిమిల్లా, బార్బీ, లాఫెన్‌బర్గర్ కాగితం మీద లెక్కలు కట్టి చెప్పి ఉన్నారు. నేను ఆ శిఖరాన్ని మొదటి వారంలోనే దాటేసి అవతలి లోయలోకి దిగుతూ, ఇంకా పైకి ఎక్కుతున్నాననే అనుకున్నాను.

ఎక్కడమంటే గుర్తొచ్చింది. నల్లగొండ వైపు పుట్టినవాణ్ణి, తాళ్ళెక్కేవాళ్ళని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి. గౌడ మోకును చెట్టు చుట్టూ తన నడుం చుట్టూ వేసుకుంటాడు. వెనక్కి వాలితే బరువు పడి మోకు చెట్టును కరుస్తుంది. ఆ పట్టు మీద కాళ్ళు పైకి జరుపుకుంటాడు. తర్వాత చెట్టువైపు ఒరిగితే మోకు వదులవుతుంది, దాన్ని ఒక్క విసురుతో పైకి ఎగరేస్తాడు. మళ్ళీ వాలతాడు. మోకును చెట్టుకు ముడేసి కట్టేస్తే పట్టుకేం లోటుండదు, పైకి మాత్రం పోడు. ఇదంతా తెలిసి కూడా నేను నా కణాల్ని చెట్టుకు కట్టేసి, ఎక్కవెందుకని సిలిండర్లు మార్పిస్తూ కూర్చున్నాను.

ఆ మోకులో ఇంకో సంగతి ఉంది, నా బుర్రకు అది మరీ ఆలస్యంగా ఎక్కింది. బరువు పడ్డప్పుడే అది కరుస్తుంది. కణం పట్టు కూడా అంతే. నేను అతుక్కోవడాన్ని బయట పూసే జిగురు పని అనీ, యాక్టిన్‌ని లోపలుండే వాసాల పని అనీ విడదీసుకున్నాను. నోటు పుస్తకంలో వాటికి వేరువేరు పేజీలు కూడా ఇచ్చాను. నిజానికి లోపలి నుంచి యాక్టిన్ లాగుతుంటేనే బయటి పట్టు పెరుగుతుంది. మయోసిన్ లాగడాన్ని మందుతో ఆపేస్తే, ఫైబ్రోనెక్టిన్ ఎంత పోసినా, ఫోకల్ అడ్హీషన్లు అనే పెద్ద పట్టులు కరిగిపోతాయి. క్షానోవ్‌స్కా వోడ్నిట్స్కా, బరిడ్జ్ 1996లోనే ఈ లంకె చూపించారు. 2001లో రివెలీన్, మరికొందరు సన్నటి గాజు పైపెట్‌తో కణాన్ని బయటి నుంచి నెట్టి చూశారు. బలం పడ్డచోట పట్టు పెద్దదైంది. ఎలాగన్నది 2009లో టాలిన్ అణువును రెండు వైపులా పట్టి లాగినప్పుడు తేటపడింది. లాగితే టాలిన్ మడతలు విప్పుకుంటుంది, ఆ మడతల్లో దాగి ఉన్న చోట్లు బయటపడి విన్‌క్యులిన్ అనే ఇంకో ప్రోటీన్ వచ్చి చేరుతుంది. విన్‌క్యులిన్ మరికొన్ని యాక్టిన్ దారాల్ని తగిలిస్తుంది. పట్టు బిగుస్తుంది.

వెనకవైపు విడిపించుకోవడం కూడా ఒక పనే. తోక దగ్గర మయోసిన్ గుంజుతుంది, కాల్పెయిన్ అనే కత్తెర ఎంజైమ్ పట్టులోని ప్రోటీన్లను కోస్తుంది. ఒక్కోసారి విడవడం కుదరక తోక చివర చిరిగిపోయి, కొన్ని ఇంటెగ్రిన్లు పొర ముక్కతో సహా నేలమీదే మిగిలిపోతాయి. నేను ఆ మిగిలినవాటిని సరిగ్గా కడగని మరకలనుకుని పలకల్ని మరింత గట్టిగా కడిగాను. దాని సంగతి ఇంతకన్నా చెప్పను.

బొమ్మల పిచ్చి వల్ల ఇంకో తప్పు కూడా చేశాను. ఫాలాయిడిన్ వేసినప్పుడు కొన్ని కణాల్లో ఈ కొస నుంచి ఆ కొసకు మందపాటి దారాల కట్టలు కనిపిస్తాయి, వాటిని స్ట్రెస్ ఫైబర్లంటారు. కొన్నింటిలో అవి పల్చగా ఉంటాయి. మందపాటి కట్టలున్నవి బలమైన కణాలనీ, బలమైనవే బాగా పరిగెడతాయనీ తీర్మానించి, వాటినే ఏరి ఫొటోలు తీశాను. లండన్‌లో ఆన్ రిడ్లీ, అలన్ హాల్ 1992లో వేసిన వ్యాసాలు అప్పటికే అందరూ చదివేశారు. కణంలో రో అనే ప్రోటీన్ చురుకైతే స్ట్రెస్ ఫైబర్లూ ఫోకల్ అడ్హీషన్లూ వస్తాయి. ర్యాక్ అనే ఇంకో ప్రోటీన్ చురుకైతే అంచున లామెల్లిపోడియం ఉబుకుతుంది. ఫైబ్రోబ్లాస్టుల్లో మందపాటి కట్టలూ పెద్ద పట్టులూ ఉన్నవి చాలామటుకు స్థిరంగా కూర్చున్నవి. వేగంగా పాకే కెరటోసైట్లలో, తెల్లరక్త కణాల్లో ఆ కట్టలు పెద్దగా కనబడవు. నడక మీద రాస్తున్న థీసిస్‌కు నేను ఏరి కోరి పెట్టిన బొమ్మలన్నీ కూర్చున్నవాళ్ళవి.

థీసిస్ ఎలాగో గట్టెక్కింది. పెద్దాయనకు కార్డు రాయలేదు. తర్వాత ఉద్యోగం వచ్చింది, పాఠం చెప్పడం మొదలుపెట్టాను. ఒకసారి దెబ్బతిన్నవాడు జాగ్రత్తపడతాడంటారు. నేను మాత్రం పాత అజ్ఞానం పోయిన చోట కొత్త మొండితనం పెట్టుకున్నాను. బోర్డు మీద నాలుగు అంచెలు రాసేవాణ్ణి. ముందు తోసుకోవడం, అతుక్కోవడం, లాక్కోవడం, వెనక విడిపించుకోవడం. పట్టు లేకుండా ఏ కణమూ నడవదు, రాసుకోండి అనేవాణ్ణి. దానికీ సాక్ష్యం ఉంది నా దగ్గర, ఈసారి గట్టిదే. కొందరు పసిపిల్లల్లో పుట్టుకతోనే బీటా 2 ఇంటెగ్రిన్ లోపం ఉంటుంది. బొడ్డుతాడు ఊడాల్సిన సమయానికి ఊడదు. పదేపదే ఇన్ఫెక్షన్లు వస్తాయి, పుండు పడుతుంది, కానీ చీము పట్టదు. రక్తంలో తెల్లకణాలు లెక్కకు మించి ఉంటాయి. రక్తనాళం గోడను పట్టుకోలేక, ప్రవాహంలో కొట్టుకుపోతూ, పుండు దాకా చేరవు. ఇది చెప్పాక క్లాసులో ఇక ఎవరూ ప్రశ్న వేసేవాళ్ళు కాదు. నాకదే హాయిగా ఉండేది.

ఒక ఏడాది కణం ఎలా నడుస్తుందన్న ప్రశ్న పరీక్షలో ఇచ్చాను. ఐదు మార్కులు. ఒకమ్మాయి నాలుగు అంచెలూ రాసి, కింద అదనంగా ఇలా రాసింది. ఇదంతా చదునైన పలక మీద. కణజాలం లోపల, అన్ని వైపులా ఇరుకుగా ఉన్నచోట, కొన్ని తెల్లకణాలకు ఇంటెగ్రిన్లు అవసరం లేదు. యాక్టిన్ ప్రవాహంతోనే, ఒరుసుకుంటూ పోతాయి. పక్కన బొమ్మ కూడా వేసింది. నేను చెప్పిన పాఠాన్ని చెప్పినట్టు రాయకుండా సొంత కవిత్వం కలిపిందని ఒళ్ళు మండింది. ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసి, కింద చెప్పింది పైన రాసినదాన్ని కాదంటోంది కాబట్టి మొత్తం జవాబే తప్పని మార్కులు కోసేశాను.

అప్పటికే 2008లో నేచర్ పత్రికలో లేమర్‌మన్, సిక్స్ట్, వాళ్ళ బృందం వేసిన వ్యాసం ఉంది. ఎలుకల డెండ్రిటిక్ కణాలనే తెల్లకణాల్లోంచి ఇంటెగ్రిన్లన్నిటినీ తీసేసి చూశారు. చదునైన నేలమీద అవి అతుక్కోలేకపోయాయి. కణజాలం లోపల మాత్రం మామూలు కణాలంత చక్కగా తిరిగాయి. ముందు యాక్టిన్ పెరుగుతూ తోసింది, ఇరుకు సందుల్లో కేంద్రకాన్ని దూర్చాల్సి వచ్చినప్పుడు మయోసిన్ వెనక నుంచి నొక్కింది. రక్తనాళం గోడ దగ్గర, ప్రవాహానికి ఎదురు నిలవాల్సిన చోట పట్టు కావాలి. దాటి లోపలికి వచ్చాక కొన్ని కణాలకు అక్కర్లేదు. చీము పట్టని పిల్లల కథకూ దీనికీ పేచీ ఏమీ లేదు, పేచీ నా బోర్డుతోనే. 2020లో రివర్సా, సిక్స్ట్ తదితరులు ఇంకాస్త ముందుకెళ్ళారు. టాలిన్ లేని టీ కణాల్ని సన్నటి కాలువల్లోకి వదిలారు. గోడలు నున్నగా ఉంటే అవి ముందుకు సాగలేదు. గోడలకు రంపపు పళ్ళు పెడితే, వెనక్కి జారే యాక్టిన్ ఆ మిట్టపల్లాలకు ఆనుకుని, అతుక్కోకుండానే కణాన్ని నెట్టుకుపోయింది.

2008 నాటి వ్యాసం నేను చదివేసరికి ఆ బ్యాచ్ పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోయింది. జవాబు పత్రాలు గడువు దాటాయని కాగితాల బస్తాల్లో పోయాయి. ఆఫీసులో అడిగితే పాత మార్కులు దిద్దే పద్ధతేదీ లేదన్నారు, ఉన్నా ఏ ముఖంతో అడుగుతానో తెలియదు. మార్కుల రిజిస్టర్ మాత్రం ఉంది. ఐదుకు ఒకటి. ఆ ఒకటి కూడా బొమ్మ నీటుగా వేసిందని వేసినట్టు గుర్తు.